జనరిక్ షుగరు మాత్ర బ్రాండుకి సమానమేనా: ల్యాబులో ఏం చూస్తారు, ఇంట్లో ఏం చూడాలి

గాజువాక నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమ్మగారికి అరవై దాటాయి. ఏళ్ల తరబడి ఒక పేరున్న కంపెనీది గ్లైమిపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర వేసుకుంటున్నారు. జనవరి మొదట్లో జన ఔషధి కేంద్రంలో అదే మందు తెచ్చారు, ధర బాగా తక్కువ. అంతకుముందు పరగడుపున 132 ఉన్న షుగరు, మూడు వారాల తర్వాత ఇంట్లో మీటరు మీద 165 చూపించింది. పక్కింటి ఆంటీ "జనరిక్‌లో పవర్ తక్కువుంటాది" అన్నారు. ఇవి బ్రాండుతో సమానమని ఎవరు, ఎలా తేలుస్తారు? వైజాగ్‌లో మనమే ఎక్కడైనా టెస్టు చేయించుకోవచ్చా?

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాను. పరవాడ ఫార్మా సిటీలో మాత్రలు తయారుచేసే ప్లాంట్లలో క్వాలిటీ కంట్రోల్లో చాలాకాలం పనిచేశాను. ఇప్పుడు చిన్న కంపెనీలకి ల్యాబు పద్ధతులు సరిచేసిపెట్టే పనిలో ఉన్నాను. ఏ కంపెనీ తరఫునా రాయట్లేదు. మాత్ర గురించి నన్ను అడగండి, మోతాదు గురించి అమ్మగారి డాక్టర్ని అడగండి. ఈ గొడవ తేలేదాకా అమ్మగారు మందు మాత్రం మానకూడదు.

ఆ 33 పాయింట్ల తేడా ఒక్కటీ చూసి జనరిక్ మీద నేరం మోపలేం. కారణం మాత్రలో ఉండొచ్చు, మీటర్లో ఉండొచ్చు, సంక్రాంతి అరిసెల్లోనూ ఉండొచ్చు. మాత్రలో ఉందో లేదో తేల్చడానికి పద్ధతులున్నాయి. రేపరు మీద పేరు చూసి తేల్చే పద్ధతి మాత్రం లేదు.

అసలు మన దగ్గర "బ్రాండు" అనే మాటే తికమకపెడుతుంది. గ్లైమిపిరైడ్‌ని మొదట కనిపెట్టి తెచ్చిన కంపెనీ బ్రాండు అమరిల్. మెట్‌ఫార్మిన్‌కి ఆ స్థానం గ్లూకోఫాజ్‌ది. ఆ మాటకొస్తే మెట్‌ఫార్మిన్ 1920ల నాటి అణువు. 1957లో ఫ్రాన్స్‌లో షుగరు రోగులకి వాడినట్టు ప్రచురించారు, అమెరికా అనుమతి 1994 చివర్లో గానీ రాలేదు. దాని పేటెంటు ముచ్చట ముగిసి తరాలు గడిచాయి. మన మందుల షాపుల్లో మెట్‌ఫార్మిన్, గ్లైమిపిరైడ్ పేర్లతో దొరికే వందల బ్రాండుల్లో దాదాపు అన్నీ జనరిక్‌లే, కాకపోతే పేరు పెట్టుకున్న జనరిక్‌లు. అంటే మీ అమ్మగారు మానేసిందీ, కొత్తగా మొదలుపెట్టిందీ రెండూ అసలు కంపెనీ మందుకి నకళ్లే అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. ఒకదానికి మెడికల్ రిప్రజెంటేటివ్ ఉన్నాడు, రెండోదానికి లేడు.

స్ట్రిప్పు వెనక చిన్నక్షరాలు ఒకసారి చదవండి. "మాన్యుఫాక్చర్డ్ బై" అని ఒక పేరు, "మార్కెటెడ్ బై" అని ఇంకో పేరు కనిపిస్తాయి. మనం నమ్మే పేరు ఎక్కువసార్లు రెండోది. మాత్ర చేసింది బద్దిలోనో, హరిద్వార్‌లోనో, సిక్కింలోనో ఉన్న మొదటి కంపెనీ. ఒకే ప్యాకింగ్ లైన్ మీద పొద్దున ఒక పేరున్న ఫాయిల్, మధ్యాహ్నం ఇంకో పేరున్న ఫాయిల్ ఎక్కడం నేను చూశాను. ఫాయిల్ మారేముందు లైన్ క్లియరెన్స్ అని అంతా ఖాళీచేసి తుడిచి, పాత ఫాయిల్ ముక్క ఒక్కటీ మిగల్లేదని సంతకం పెట్టాలి. ఆ తంతు అంతా అయ్యాక లోపలికొచ్చే మాత్రలు మళ్లీ అదే డ్రమ్ములోవి! అన్నిసార్లూ ఇలాగే ఉంటుందని అనుకోకండి. ఒకే ఫ్యాక్టరీ ఇద్దరికి రెండు ఫార్ములాలతోనూ చేసిపెడుతుంది.

ఇంకో రకం జనరిక్ ఉంది, దాన్ని జన ఔషధితో కలిపేయకండి. మామూలు మందుల షాపులో "అదే మందు సార్, డిస్కౌంటు ఇస్తాను" అని ఇచ్చేది ట్రేడ్ జనరిక్. దాని మీద ఎమ్మార్పీ బ్రాండుకి దగ్గర్లోనే ముద్రించి ఉంటుంది. షాపువాడికి పడే ధర అందులో చిన్న వంతు. మీకు ఇరవై శాతం తగ్గించినా మిగతాది ఆయన గల్లాపెట్టెకే. ఇదంతా ధర సంగతి, నాణ్యత వేరే లెక్క. కానీ జనరిక్ అంటే జనానికి అనుమానం మొదలయ్యేది ఇక్కడేనని నా అభిప్రాయం.

ఇక పరీక్షలు. మాత్రని పొడిచేసి అందులో మందు ఎంతుందో కొలవడం మొదటిది, దీన్ని అస్సే అంటారు. ఇరవై మాత్రలు తూచి, నూరి, అందులోంచి కొంత తీసి హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోంచి మందుని విడదీసి కొలిచే యంత్రం) మీదో, యూవీ (అతినీలలోహిత కాంతితో కొలిచే యంత్రం) మీదో చూస్తాం. మెట్‌ఫార్మిన్ అయితే 232 నానోమీటర్ల దగ్గర చక్కగా పట్టుబడుతుంది. మందుని బట్టి 95 నుంచి 105 శాతమో, 90 నుంచి 110 శాతమో ఉండాలని ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల అధికారిక పుస్తకం, చెబుతుంది. "పవర్ తక్కువ" అనే ఆరోపణ నిజమైతే ఇక్కడే దొరికిపోవాలి. నిజానికి లైసెన్సున్న కంపెనీ మాత్ర ఈ పరీక్షలో తప్పడం అరుదు. మెట్‌ఫార్మిన్ చవక సరుకు, అందులో మందు తగ్గించి మిగుల్చుకునేదేమీ ఉండదు.

మీ అమ్మగారి మాత్రలో నిజంగా కష్టమైన భాగం వేరే ఉంది. అర గ్రాము మెట్‌ఫార్మిన్, దానికి తోడు జిగురులూ పొడులూ కలిసి అంత లావు మాత్రలో, గ్లైమిపిరైడ్ ఒక్క మిల్లీగ్రాము. ఆ ఒక్క మిల్లీగ్రాము ప్రతి మాత్రలోనూ సమానంగా పడాలి. ఇరవై మాత్రలు కలిపి నూరితే సగటు బాగానే వస్తుంది. ఒక మాత్రలో 0.7, పక్క మాత్రలో 1.3 ఉన్నా సగటు ఒకటే కదా. అందుకే పది మాత్రలు విడివిడిగా తీసి ఒక్కోదాంట్లో ఎంతుందో చూస్తారు, అదే కంటెంట్ యూనిఫార్మిటీ. ఈ కాంబినేషన్ మాత్రలు చాలావాటిని రెండు పొరలుగా నొక్కుతారు, చూస్తే ఒకవైపు తెలుపు, ఒకవైపు రంగు కనిపిస్తుంది. సన్న పొరలో గ్లైమిపిరైడ్, మందపు పొరలో మెట్‌ఫార్మిన్. పెద్దగా ఉంది, మింగలేను అని అలాంటి మాత్రని అడ్డంగా విరిచేవాళ్లున్నారు. దయచేసి విరవకండి, ఎందుకో కింద తెలుస్తుంది.

మందు ఎంతుందన్నది తేలాక, అది కరిగి బయటికొస్తుందా అన్నది రెండో ప్రశ్న. నా ఉద్యోగంలో ఎక్కువ గంటలు మింగేసింది ఈ డిసొల్యూషన్ టెస్టే. నీళ్ల తొట్టిలో ఆరు గాజు పాత్రలు, ఒక్కోదాంట్లో లీటరు కాస్త అటూ ఇటూగా ద్రవం, ఒంటి వేడి అంటే 37 డిగ్రీలు. పైనుంచి తెడ్డో, జల్లెడ బుట్టో నిమిషానికి 50, 75, 100 చుట్లు తిరుగుతుంది. మాత్ర పడగానే గడియారం నొక్కుతాం. చెప్పిన నిమిషానికి సిరంజితో కొంచెం లాగి, వడగట్టి, ఎంత మందు కరిగిందో చూస్తాం. మామూలు మెట్‌ఫార్మిన్ అయితే ముప్పావుగంటలో 70 శాతానికి పైగా కరిగిపోవాలి. మొదటి ఆరు మాత్రల్లో ఒక్కటి గీత దాటకపోయినా ఇంకో ఆరు, అప్పటికీ తేలకపోతే ఇంకో పన్నెండు. ఆ మూడో దశకి వెళ్లిన రోజు ల్యాబులో ఎవరూ టైముకి బస్సెక్కరు.

ఎస్సార్ (సస్టెయిన్డ్ రిలీజ్) అంటే మందుని గంటల తరబడి కొంచెం కొంచెంగా వదిలే మాత్ర, దానిది ఇంకో తంతు. అది త్వరగా కరిగితే ఫెయిలు, ఆలస్యంగా కరిగినా ఫెయిలు. ఉదాహరణకి మొదటి గంటలో 20 నుంచి 40 శాతం, మూడో గంటకి సగం అటూ ఇటూ, పదో గంటకి 85 శాతం పైన. ఫార్ములాని బట్టి ఈ అంకెలు మారతాయి. పాత్రలో పడ్డ కాసేపటికి ఆ మాత్ర చుట్టూ నానిన సబ్జా గింజకి పట్టినట్టు జిగురు పొర కడుతుంది. మందు ఆ పొరలోంచి నెమ్మదిగా ఊరి బయటికొస్తుంది. విరిచినా నమిలినా ఆ పొర లెక్క తప్పిపోతుంది. రాత్రంతా రావాల్సింది ముందే వచ్చేస్తుంది. ఈ రకంలో మందంతా బయటికొచ్చాక ఖాళీ జిగురు గుల్ల ఒక్కోసారి మలంలో మాత్ర ఆకారంలోనే పడుతుంది. "మాత్ర కరగకుండా అలాగే వచ్చేసింది, నకిలీ" అని షాపు మీదికి గొడవకెళ్లినవాళ్లు నాకు తెలుసు. అసలు కంపెనీ మాత్రకీ ఇది మామూలే, వాళ్ల కరపత్రంలోనే రాసి ఉంటుంది. మెట్‌ఫార్మిన్ డబ్బా తీయగానే చేపల వాసన వస్తోందన్నది ఇంకో ఫిర్యాదు. ఆ మందులో మిగిలే కొద్దిపాటి అమీన్‌ల వాసన అది, బ్రాండులోనూ వస్తుంది. విశాఖలో ఉంటూ చేపల వాసనకి భయపడితే ఎలా!

వాట్సాప్‌లో తిరిగే వెనిగర్ వీడియోని కూడా ఇక్కడే తేల్చేద్దాం. మాత్రని వెనిగర్‌లో వేసి అరగంటలో కరిగితే అసలుది, లేకపోతే నకిలీ అంటారు. ఆ లెక్కన మంచి ఎస్సార్ మాత్రలన్నీ నకిలీవే. సుద్దముక్క మాత్రం అసలైన మందు.

గ్లైమిపిరైడ్ దగ్గర డిసొల్యూషన్ ఎందుకు ముఖ్యమో చూసిన సంగతి ఒకటి చెప్తాను. ఇది నీళ్లలో సరిగా కరగని మందు. కడుపులో ఉండే ఆమ్లంలో మరీ కరగదు, అందుకే టెస్టులో 7.8 పీహెచ్ ఉన్న, అంటే కాస్త క్షారగుణం ఉన్న, ద్రవం వాడతారు. ఒకచోట ముడిమందు ఇచ్చే సప్లయరు మారాడు. సర్టిఫికెట్‌లో అన్నీ సరే. మాత్ర చేశాం, అస్సే నూటికి నూరు పలికింది. డిసొల్యూషన్‌లో మాత్రం ఆరింటికి ఆరూ చతికిలబడ్డాయి. తీరా చూస్తే కొత్త పొడి రేణువులు లావుగా ఉన్నాయి. రేణువు లావైతే నీటికి తగిలే పైభాగం తగ్గుతుంది, కరగడం మందగిస్తుంది. ఆ బ్యాచ్ గేటు దాటలేదు, పొడిని వెనక్కి పంపి మళ్లీ సన్నగా మైక్రోనైజ్ చేయించారు. అస్సే ఒక్కటే చూసే ల్యాబయితే ఆ బ్యాచ్ బంగారంలాంటిదని సంతకం పెట్టి పంపేసేది. అందుకే ఎవరైనా "మేం టెస్టు చేయించాం, 99 శాతం మందుంది" అంటే నేను అడిగే మొదటి ప్రశ్న: డిసొల్యూషన్ ఎంతొచ్చింది?

పాత్రలో కరిగినంత మాత్రాన రక్తంలోకి ఎక్కుతుందా? దాన్ని మనుషుల మీదే చూడాలి. ఇదే బయో ఈక్వివలెన్స్ పరీక్ష, మావాళ్లు బీఈ స్టడీ అంటారు. ఆరోగ్యవంతులైన వాలంటీర్లు, సాధారణంగా రెండు మూడు డజన్ల మంది, ముందురోజు రాత్రే వచ్చి చేరతారు. పది గంటలు కడుపు మాడ్చాక సగం మందికి అసలు కంపెనీ మాత్ర, సగం మందికి జనరిక్. షుగరు లేనివాళ్లకి గ్లైమిపిరైడ్ లాంటి మాత్ర వేస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు, కాబట్టి మంచినీళ్ల బదులు గ్లూకోజ్ కలిపిన నీళ్లతో ఇస్తారు. చేతికి పెట్టిన క్యాన్యులాలోంచి చెప్పిన వేళకల్లా రక్తం తీసి, అందులో మందు ఎంతుందో కొలుస్తారు. కొన్నాళ్ల విరామం తర్వాత ఇద్దరి మాత్రలూ తారుమారు చేసి మళ్లీ మొదలు. ఇలా ప్రతి మనిషీ తనకి తనే పోలిక అవుతాడు. మందు మట్టం గరిష్ఠంగా ఎంతకి చేరింది, మొత్తంగా ఎంత ఒంటికి పట్టింది, ఈ రెండూ లెక్క. మొదటిది సీమ్యాక్స్, రెండోది ఏయూసీ. షుగరు ఎంత తగ్గిందన్నది ఇక్కడ ప్రధానం కాదు. రక్తంలో మందు మట్టం రెండింటికీ ఒకేలా నడిస్తే పని కూడా ఒకేలా చేస్తుందన్నది దీని వెనక తర్కం.

పాస్ కావాలంటే జనరిక్‌కీ అసలుదానికీ ఉన్న నిష్పత్తి, దాని 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌తో (అసలు నిష్పత్తి ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో లెక్కకట్టిన హద్దులతో) సహా, 80 నుంచి 125 శాతం లోపల ఉండాలి. దీన్ని పట్టుకునే "జనరిక్‌లో ఇరవై శాతం మందు తక్కువున్నా ఒప్పుకుంటారు" అనే ప్రచారం పుట్టింది. చదువుకున్న డాక్టర్లు కూడా ఇలా అనగా విన్నాను. గీత లోపల ఉండాల్సింది సగటు ఒక్కటే కాదు, ఆ ఇంటర్వెల్ రెండు కొసలూ. నిజంగా సగటు 85 దగ్గరుంటే కింది కొస 80 కిందికి జారిపోయి దాదాపు ఎప్పుడూ ఫెయిలే. పాస్ కావాలంటే సగటు నూరుకి బాగా దగ్గర్లో ఉండక తప్పదు. 80కి జోడీగా 120 పెట్టకుండా 125 ఎందుకంటే, ఇది నిష్పత్తుల లెక్క. జనరిక్ బ్రాండులో 80 శాతమైతే, బ్రాండు జనరిక్‌లో 125 శాతం. ఆచరణలో తేడా ఎంతో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు 2009లో లెక్కతీసి ప్రచురించారు. 1996 నుంచి 2007 దాకా వచ్చిన 2070 స్టడీల్లో జనరిక్‌కీ అసలుదానికీ సగటు తేడా సీమ్యాక్స్‌లో 4.35 శాతం, ఏయూసీలో 3.56 శాతం. ఒకే కంపెనీ రెండు బ్యాచ్‌ల మధ్య కూడా ఈపాటి తేడా వస్తుంది.

అది అమెరికా సంగతి, మన దగ్గరో? ఇక్కడ నేను జనరిక్‌ని వెనకేసుకురాను. మన దేశంలో చాలాకాలం కొత్త మందు అనుమతి వచ్చిన మొదటి నాలుగేళ్లలో వచ్చే నకళ్లకే బీఈ స్టడీ అడిగేవారు. ఆ గడువు దాటాక రాష్ట్రాల డ్రగ్ కంట్రోల్ శాఖలు ఆ పరీక్ష లేకుండానే లైసెన్సు ఇవ్వగలిగేవి. 2017 ఏప్రిల్‌లో రూల్స్ మార్చి, సరిగా కరగని మందులకి, అంటే బీసీఎస్ (మందు ఎంత కరుగుతుంది, పేగుల్లోంచి ఎంత ఎక్కుతుంది అన్నదాన్ని బట్టి చేసిన నాలుగు తరగతుల విభజన) ప్రకారం రెండు, నాలుగు తరగతులకి, లైసెన్సు కావాలంటే బీఈ ఆధారం చూపాల్సిందే అన్నారు. గ్లైమిపిరైడ్ రెండో తరగతి. మెట్‌ఫార్మిన్ మూడోది, నీళ్లలో ఇట్టే కరుగుతుంది కాబట్టి దాంతో పేచీ తక్కువ. 2017కి ముందు లైసెన్సులు తీసుకున్నవి మార్కెట్లో చాలా ఉన్నాయి. పేరు పెద్దదైనంత మాత్రాన వాటికి బీఈ జరిగిందని అర్థం కాదు, పేరు లేనంత మాత్రాన జరగలేదనీ కాదు. స్ట్రిప్పు మీద ఆ ముక్క రాయమని ఎవరూ అడగరు. నా దృష్టిలో మన వ్యవస్థలో పెద్ద లోటు ఇదే. 2023 ఆగస్టులో డాక్టర్లంతా జనరిక్ పేర్లే రాయాలని మెడికల్ కమిషన్ నిబంధన తెచ్చి, గొడవ కాగానే అదే నెలలో పక్కన పెట్టేసింది. డాక్టర్ని బలవంతపెట్టేముందు బీఈ ఉన్న మందుల జాబితా జనం ముందు పెట్టి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

ఇక మార్కెట్లోంచి తీసి చూసిన నమూనాల సంగతి. 2014-16లో జరిగిన జాతీయ సర్వేలో ప్రమాణాలకి తక్కువగా తేలినవి 3.16 శాతం, పచ్చి నకిలీలు 0.0245 శాతం. ప్రభుత్వ సరఫరాలోంచి తీసిన నమూనాల్లో తక్కువ నాణ్యతవి పది శాతం దాకా ఉన్నాయి, అది తీసిపారేసే అంకె కాదు. జన ఔషధికి కొనే ప్రతి బ్యాచ్‌నీ గోదాములోంచి కదిలేముందు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబులో పరీక్ష చేయించాలన్నది వాళ్ల నియమం. మీ వీధి షాపులోని బ్రాండుకి బయటి ల్యాబులో ఇలా బ్యాచ్ బ్యాచ్‌కీ రెండో పరీక్ష ఉండదు. అయినా ఏదీ పూర్తిగా తప్పించుకోదు. కేంద్ర ఔషధ సంస్థ ప్రతి నెలా బయటపెట్టే "నాట్ ఆఫ్ స్టాండర్డ్ క్వాలిటీ" జాబితాలో జన ఔషధి బ్యాచ్‌లూ కనిపిస్తాయి, టీవీలో ప్రకటనలిచ్చే కంపెనీలవీ కనిపిస్తాయి. ఒక బ్యాచ్ అందులో పడితే ఆ కంపెనీ మందులన్నీ చెడ్డవని కాదు. అదే పేరు నెలనెలా పడుతుంటే నేనైతే కొనను.

సమానత్వం అంటే మందు ఒక్కటే కాదు, దాంతోపాటు వచ్చే మలినాలు కూడా. 2020లో అమెరికాలో కొన్ని కంపెనీల ఎస్సార్ రకం మెట్‌ఫార్మిన్‌లో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారక మలినం రోజుకి 96 నానోగ్రాముల హద్దు దాటిందని బ్యాచ్‌లు వెనక్కి తీసుకున్నారు. 96 నానోగ్రాములంటే గ్రాములో కోటి వంతు కన్నా తక్కువ. అస్సే, డిసొల్యూషన్ రెండూ దివ్యంగా పాసయిన మాత్రలే అవి. దీన్ని పట్టుకోవాలంటే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉండాలి, అన్ని ల్యాబుల్లో ఉండదు.

ఇప్పుడు మీ ఇంటికొద్దాం. ఇంటి గ్లూకోమీటర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 పైన రీడింగు 15 శాతం అటూ ఇటూ ఉన్నా సరైనదే. అమ్మగారి నిజమైన షుగరు 150 అనుకోండి, మంచి మీటరే 128 నుంచి 172 దాకా ఏదైనా చూపించవచ్చు. మీ 132, మీ 165 రెండూ ఆ హద్దులోనే ఉన్నాయి. పైగా మన తేమకి స్ట్రిప్పుల డబ్బా మూత సరిగా బిగించకపోతే స్ట్రిప్పులు పాడవుతాయి. ఆ మూడు వారాల మధ్యలోనే భోగీ, సంక్రాంతీ, కనుమా వచ్చివెళ్లాయి. అరిసెలు, పాకం గారెలు ఎన్ని లోపలికెళ్లాయో అమ్మగార్ని మీరే అడగండి, నేను అడిగితే బాగోదు.

మాత్రలో చూడాల్సింది ముందు పేరు కాదు, రకం. మీరు "మెట్‌ఫార్మిన్ 500" అని మాత్రమే రాశారు. పాత స్ట్రిప్పు మీద ఎస్సార్, ఈఆర్, ఎక్స్‌ఆర్, పీఆర్, "ప్రొలాంగ్డ్ రిలీజ్" ఇలాంటి ముక్క ఏదైనా ఉందా? ఉంటే కొత్తదాని మీదా ఉండాలి. ఒకటి ఎస్సార్, ఇంకోటి మామూలుదీ అయితే అవి రెండు వేర్వేరు మందుల కిందే లెక్క, అది జనరిక్ తప్పు కాదు. గ్లైమిపిరైడ్ 1 బదులు 2 ఇచ్చినా, అటుదిటయినా అంతే. ముఖ్యంగా 2 పడితే షుగరు పడిపోయి చెమటలు, వణుకు రావొచ్చు, అది 165 కన్నా ప్రమాదం. మాత్ర టిఫిన్‌కి ముందు వేసుకునే అలవాటు మారిందా, మోకాలి నొప్పికి ఎవరైనా స్టెరాయిడ్ ఇచ్చారా, జ్వరం గానీ మూత్రంలో మంట గానీ ఉన్నాయా, ఇవీ చూడండి. రకం, మోతాదు సరిపోతే ఒకే కంపెనీది ఒకటే పట్టుకుని మూడు నెలలు వాడి, ఒకే ల్యాబులో ముందూ వెనకా హెచ్‌బీఏవన్‌సీ చేయించండి. మూడు నెలల సగటు అది, పండగ మూడు రోజుల్నీ మీటరు తప్పుల్నీ మింగేస్తుంది. ఈలోగా రెండు వారాలపాటు పరగడుపు రీడింగులు రాసిపెట్టి డాక్టర్‌కి చూపించండి. 200 దాటుతుంటే మూడు నెలలు ఆగకుండా వెంటనే వెళ్లండి. ఒక నెల ఈ కంపెనీ, ఒక నెల ఆ కంపెనీ అని మారుస్తూ పోతే మాత్రం ఏ పరీక్షా ఏమీ చెప్పలేదు.

టెస్టు చేయించడం సంగతి. మందుల్ని పరీక్షించే ప్రైవేటు ల్యాబులు డబ్బు తీసుకుని చేసిపెడతాయి. కానీ ఒక స్ట్రిప్పు పట్టుకెళ్తే సరిపోదు. అస్సేకి ఇరవై, యూనిఫార్మిటీకి పది, డిసొల్యూషన్‌కి ఆరు, తేడావస్తే ఇంకా. ఒకే బ్యాచ్ నంబరున్నవి కనీసం యాభై అరవై మాత్రలు కావాలి. ఖర్చు మీ ఏడాది మందుల ఖర్చుని మించొచ్చు, ఆ రిపోర్టు ఆ ఒక్క బ్యాచ్‌కే వర్తిస్తుంది. బీఈ స్టడీ ఎవరూ మీకోసం చేయరు. నిజంగా అనుమానం ఉంటే చట్టం వేరే దారి ఇచ్చింది. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 1940, సెక్షన్ 26 ప్రకారం మందు కొన్నవాళ్లెవరైనా నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకుని, సంతకంతో రిపోర్టు తీసుకోవచ్చు. ఈ సెక్షన్ ఉందని తెలిసినవాళ్లు మా లైన్లోనే తక్కువ. లేదా జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి బిల్లుతో ఫిర్యాదు ఇస్తే ఆయన ఆ షాపులోనే నమూనా తీయగలరు. బిల్లు లేకుండా మాత్రం ఏదీ నడవదు.

కొత్త మందులు వాడుతున్నవాళ్లు ఈ జవాబు చదువుతుంటే వాళ్లకో రెండు ముక్కలు. ఎంపాగ్లిఫ్లోజిన్ ధర 2025లో ఒక్కసారిగా పడిపోయింది పేటెంటు అయిపోవడం వల్ల, నాణ్యత పడిపోయి కాదు. విల్డాగ్లిప్టిన్‌కి తేమ పడదు. రెండువైపులా అల్యూమినియం ఉన్న ప్యాకింగ్‌లో ఇచ్చేది అందుకే, దాన్ని వారానికి సరిపడా ముందే చించి ప్లాస్టిక్ డబ్బాలో పోసుకుంటే, మన బీచ్ రోడ్డు గాలికి బ్రాండయినా జనరిక్ అయినా చెడుతుంది. ఇన్సులిన్‌కి పైన చెప్పిందేదీ వర్తించదు. అది జీవకణాలతో చేసేది, దాని నకలుని బయోసిమిలర్ అంటారు, పరీక్షలు వేరు. డాక్టర్‌కి చెప్పకుండా ఇన్సులిన్ కంపెనీ మార్చొద్దు.

చివరిగా స్ట్రిప్పు చించే పద్ధతి. చాలామంది బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న కొసనే ముందు చించి పారేస్తారు. ఆ కొసని చివరిదాకా ఉంచండి, మొదటి స్ట్రిప్పుని ఫోన్లో రెండువైపులా ఫొటో తీసి పెట్టుకోండి. 2023 ఆగస్టు నుంచి ఎక్కువ అమ్ముడయ్యే 300 బ్రాండుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి. పాత బ్రాండుకి అది ఉంటే స్కాన్ చేసి తయారీదారు పేరు, బ్యాచ్ సరిపోతున్నాయో లేదో చూడొచ్చు. మందు పడక ఏదైనా తేడా కనిపిస్తే 1800-180-3024కి ఫోన్ చేస్తే దేశవ్యాప్త ఔషధ భద్రతా కార్యక్రమం వాళ్లు నమోదు చేసుకుంటారు. వాళ్లు ముందుగా అడిగే వివరాల్లో బ్యాచ్ నంబరు ఒకటి. మీ పాత స్ట్రిప్పు, కొత్త స్ట్రిప్పు వెనకవైపు ఏం రాసుందో ఇక్కడ రాయండి, రకం ఒకటేనా కాదా నేను చూసి చెప్తాను.